ఒక పట్టు బియ్యం

కోడూరు
10-7-1961

ప్రియమైన నాన్నగారికి రత్నకుమారి వందనాలు.

క్షేమంగా చేరాను. పోస్టాఫీసు వెనకాల ఒక గది దొరికింది. అమ్మ కట్టిచ్చిన మాగాయ సగం బస్సులోనే అయిపోయింది. పక్కన కూర్చున్నావిడ "వాసన బాగుందమ్మాయ్" అంది. ఆ తర్వాత నేనేం చెయ్యను? ఈ ముక్క అమ్మకు చదివి వినిపించకండి.

గ్రామసేవిక ఉద్యోగమంటే కుట్టుపని నేర్పడమే అనుకున్నాను. ఇక్కడ నాకప్పగించింది తిండి గురించి చెప్పడం. వారానికి రెండుసార్లు కాలవగట్టున నడిచి పాలకాయతిప్ప వెళ్తున్నాను. అక్కడ మగవాళ్లు సముద్రం మీద వేటకు వెళ్తారు. ఆడవాళ్లు చేపల గంపలెత్తుకుని కోడూరు దాకా వచ్చి, రైతుల ఇళ్లలో చేపలిచ్చి ధాన్యం పుచ్చుకుని, ఇక్కడి హల్లరు మిల్లులో ఆడించుకుని ఇంటికి వెళ్తారు. మంచి చేపలన్నీ గంపలోకి పోతాయి. ఇంట్లో మిగిలేది మల్లెపువ్వులాంటి అన్నం, చింతపండు పులుసు. సగం మంది ఆడవాళ్లకు అరికాళ్లు తిమ్మిరి, సాయంత్రానికి పాదాలు వాపు.

అచ్చమ్మ అనే పెద్దావిడ మాటే అక్కడ చెల్లుతుంది. ఆవిడ కోడలు వెంకటరత్నమ్మకు ఇద్దరు పిల్లలు పుట్టి ఇద్దరూ మూడో నెలలోనే పోయారు. బొద్దుగా ఉన్న పిల్లలట, పొద్దున ఆడుకుని సాయంత్రానికి లేరు. దిష్టి అంటున్నారు. ఇప్పుడు మళ్లీ ఏడో నెల. తల్లి తిండిలో సారం లేకపోతే పాలలోనూ ఉండదనీ, అలాంటి పిల్లలు సరిగ్గా ఆ వయసులోనే పోతారనీ మాకు ట్రైనింగులో చెప్పారు. ఆ సారం బియ్యం పైపొరలో ఉంటుంది. మిల్లులో ఆ పొర తవుడై పోతుంది.

అందుకని మొదటి సభలోనే "మిల్లు బియ్యం మానండి, దంపుడు బియ్యం తినండి" అని చెప్పాను. మీరు మిల్లు డ్రైవరు కదా, తప్పుగా అనుకోకండి. అందరూ చక్కగా తలలూపారు. నాకు చాలా ధైర్యం వచ్చింది.

మీ కుమార్తె,
రత్నకుమారి


గుడివాడ
17-7-1961

చిరంజీవి రత్నకుమారికి నాన్న దీవెనలు.

నీ ఉత్తరం నేను చదవకముందే మీ అమ్మ పక్కింటి అమ్మాయి చేత చదివించుకుంది. మాగాయ సంగతి తెలిసిపోయింది. "అడిగినవాళ్లకల్లా పెట్టడానికేనా నేను ఎండలో కూర్చుంది" అని ఒక పూట, "పోన్లే, మంచి మనసు" అని ఒక పూట అంటోంది.

మిల్లు సంగతికి వస్తాను. ముప్పయి ఏళ్లుగా ఇంజను పక్కన నిలబడ్డాను. నా కుడిచెవి ఆ ఇంజనుకే ఇచ్చాను. నువ్వు పాలు మానిన దగ్గర్నుంచీ ట్రైనింగుకు వెళ్లేదాకా నీ కంచంలో పడ్డ ప్రతి మెతుకూ నేను ఆడించిందే. నీ కాళ్లకు తిమ్మిరి ఉందా? నువ్వు కోడిగుడ్లూ పప్పులూ కూడా తిన్నావంటావు. సరే, అది మీ అమ్మ గొప్ప. కానీ బియ్యాన్ని అంటే ఊరుకోను.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి అయ్యగారు గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుని, "ఏమండీ సత్యానందంగారూ, మీ అమ్మాయి దివిసీమలో మిల్లులు మూయిస్తోందట కదా" అన్నారు. పక్కన మా మిల్లు గుమాస్తా ఉన్నాడు. సోమవారం నేను వెళ్లేసరికి మిల్లంతా తెలిసింది. హమాలీలు నన్ను చూసి దంచుతున్నట్టు చేతులూపుతున్నారు.

తలలూపారని సంబరపడకు. నేను చర్చిలో ఇరవై ఏళ్లుగా తల ఊపుతున్నాను.

నాన్న
సత్యానందం


కోడూరు
6-8-1961

నాన్నగారికి వందనాలు.

దస్తూరీ బాగా లేదు, మన్నించండి. కుడి అరచేతికి గుడ్డ కట్టుకుని రాస్తున్నాను. కారణం చెబితే మీరు మిల్లంతటికీ చెబుతారు. అయినా చెబుతాను.

నెలరోజుల్లో ఆరు సభలు పెట్టాను. ఒక్క ఇంట్లోనూ దంచిన గింజ లేదు. పోయినసారి గట్టిగా అడిగాను. అచ్చమ్మ నోట్లోని చుట్ట తీసి, "సేవికమ్మా, తమరెప్పుడైనా రోకలి పట్టారా?" అంది. పట్టలేదన్నాను. "అయితే ఓసారి దంచి చూపించండి, నేర్చుకుంటాం" అంది.

ఎక్కడినుంచో ఒక రోకలి తెచ్చారు. నలభై మంది చుట్టూ కూర్చున్నారు. నేను చెంగు దోపుకుని మొదలుపెట్టాను. పది దెబ్బలకు రొప్పు, ఇరవైకి బొబ్బలు. ఆగితే పరువు పోతుందని ఆగలేదు. తీరా చెరిగి చూస్తే సగం నూకలు, సగం ఊడని ధాన్యం. ఒకావిడ ఆ నూకలు చేతిలోకి తీసుకుని, "మా కోళ్లకు బాగుంటాయి" అంది. నవ్వీ నవ్వీ వెంకటరత్నమ్మ కడుపు పట్టుకుంది. నేనూ నవ్వాను, కళ్లనీళ్లతో.

అప్పుడు అచ్చమ్మ నా చెయ్యి తీసుకుని ఆముదం రాస్తూ చెప్పింది. "నేను తొమ్మిదో ఏట రోకలి పట్టాను తల్లీ. కడుపుతో దంచాను, బాలెంతగా దంచాను. మిల్లు పెట్టారని విన్నరోజున మా రోకలి పొయ్యిలో పెట్టాను. ఆ మంట మీద వండిన అన్నమంత రుచి మళ్లీ చూడలేదు. చేపలగంప మోసుకొచ్చి మళ్లీ దంచమంటే మా వల్ల కాదమ్మా."

ట్రైనింగులో ఈ ప్రశ్న రాలేదు.

బ్లాకు ఆఫీసులో నెలనెలా ఒక కాగితం నింపాలి. ఎన్ని సభలు, ఎంతమంది వచ్చారు, ఎన్ని కుటుంబాలు మారాయి. మూడో గడిలో సున్నా వేశాను. ఆఫీసరుగారు "సున్నా వెయ్యకూడదమ్మా, బాగుండదు" అన్నారు. నిజమే వేస్తానన్నాను. డిసెంబరు దాకా ఇలాగే ఉంటే పాలకాయతిప్ప తీసేసి నన్ను ఇంకెక్కడికో వేస్తారట. వెంకటరత్నమ్మకు వచ్చే నెలలోనే నెలలు నిండుతాయి. ఆ పిల్ల మొహం చూస్తే నాకు అన్నం దిగడం లేదు.

రత్నం


గుడివాడ
14-8-1961

అమ్మాయికి నాన్న దీవెనలు.

వెన్న రాసుకో. ఆముదం కంటే అదే మంచిదని మీ అమ్మ. నీ రోకలి కథ మిల్లులో చెప్పలేదు. గుమాస్తాకు ఒక్కడికే చెప్పాను.

ఆ అచ్చమ్మగారికి నా నమస్కారం చెప్పు. మీ నాయనమ్మ చేతుల్లో కాయలు నాకు గుర్తున్నాయి. నాకు మిల్లులో పని దొరికిందని ఇంటికొచ్చి చెబితే ఆవిడ మొదట అడిగింది జీతం కాదు, "ఇంక మనం దంచక్కర్లేదా?" అని. ఆ రోజునుంచీ ఇంజను మీద ఈగ వాలనివ్వను.

అయినా రత్నం, నువ్వు యంత్రాన్ని తిడుతున్నావు. అది నోరులేని జీవం. చదువుకున్నదానివి కాబట్టి చెబుతున్నాను, విను. హల్లరులో బ్లేడు ఒకటి ఉంటుంది. దాన్ని ఎంత దగ్గరికి బిగిస్తే బియ్యం అంత తెల్లబడుతుంది, తవుడు అంత రాలుతుంది. కాస్త వెనక్కి జరిపి ఒక పట్టుతో, అంటే ఒక్కసారి ఆడించి, వదిలేస్తే ఊక పోతుంది, పైపొర నిలుస్తుంది. కాకపోతే బియ్యం మాసిన గుడ్డలా ఉంటుంది. పెళ్లివారు చూస్తే తిడతారు. అందుకని మేము బిగిస్తాం. తెలుపు అడిగేది జనం, మాట పడేది మిల్లు.

ఇది నీకు తెలియాలని రాశాను, అంతే.

అన్నట్టు, కోడూరు హల్లరు డ్రైవరు పేరేమిటి? లక్ష్మయ్య కాదు కదా? పొట్టిగా ఉంటాడా? ఎడమచేతికి చిటికెనవేలు లేదా? ఊరికే అడుగుతున్నాను.

నాన్న


కోడూరు
24-9-1961

నాన్నగారికి వందనాలు.

వెంకటరత్నమ్మకు పన్నెండో తారీకున ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ బాగున్నారు. ఇంకా పేరు పెట్టలేదు. మూడు నెలలు దాటనివ్వండి అంటున్నారు. నేను చూడ్డానికి వెళ్తే అచ్చమ్మ పిల్లను నా ఒళ్లో పెట్టలేదు. నా దిష్టి కూడా భయమే.

మీరడిగిన డ్రైవరు లక్ష్మయ్యగారే. వేలు సంగతి మీకెలా తెలుసు?

ఆయనకేమైందో నాకు తెలియదు. మునుపు నేను మిల్లు ముందు నుంచి వెళ్తుంటే "నమస్కారం అమ్మగారూ" అనేవారు. నెలరోజులనుంచీ నన్ను చూడగానే ఇంజను వెనక్కి వెళ్లిపోతున్నారు. మొన్న ఎదురుపడితే చెమటలు పట్టి, "నాన్నగారు కులాసానా" అని, నాలుక కరుచుకుని వెళ్లిపోయారు. నాకో నాన్నగారున్నారని ఆయనకెవరు చెప్పారు?

ఊళ్లో ఇంకో గోల. మిల్లులో బియ్యం మాసినట్టు వస్తున్నాయి. ఆడవాళ్లు రోజూ లక్ష్మయ్యగారితో తగువు. ఆయన ఒకరికి బెల్టు జారుతోందంటారు, ఒకరికి ధాన్యం తడి అంటారు. ఆ బియ్యమే మంచివి, తినండని నేను చెబుతుంటే, "మీ నోటి చలవే సేవికమ్మా, మిల్లు పాడైంది" అంటున్నారు.

మిల్లు యజమాని శివరామయ్యగారు ఇంకా కోపంగా ఉన్నారు. మిల్లు తవుడంతా ఆయన గేదెలకే పోతుంది. ఈ మధ్య తవుడు తగ్గిందట, గేదెలు పాలు తగ్గించాయట. నన్ను పిలిచి, "అమ్మాయ్, మనుషులకు చెప్పేదేదో చెప్పుకో, నా గేదెల జోలికి రాకు" అన్నారు. నేను ఆ గేదెల మొహం కూడా చూడలేదు నాన్నగారూ.

మూడో గడిలో మళ్లీ సున్నాయే.

రత్నం


గుడివాడ
2-10-1961

రత్నానికి దీవెనలు.

మిల్లు డ్రైవర్లలో సగం మందికి ఏదో ఒక వేలు ఉండదు. గుడ్డిగా చెప్పినా తగులుతుంది. ఆ విషయం వదిలెయ్యి.

ఇక్కడ నాకో చిక్కు వచ్చింది. నీ ఉత్తరంలో "నన్ను చూసి చెమటలు", "నాన్నగారు కులాసానా" అనే చోట మీ అమ్మ పక్కింటి అమ్మాయిని ఆపి మూడుసార్లు చదివించుకుంది. ఆ సాయంత్రం నాకు కాఫీ ఇచ్చి, "లక్ష్మయ్య ఎవరు? ఏ సంఘంవాడు? మీరు ముందే ఎందుకు వాకబు చేశారు? నాకు చెప్పకుండా సంబంధం చూస్తున్నారా?" అని అడిగింది.

కాదన్నాను. "మరి మీకు చెమటలెందుకు?" అంది.

ఆ మనిషికి నలభై అయిదేళ్లు ఉంటాయని చెబుదామనుకున్నాను. అది నాకెలా తెలుసంటుంది. అందుకని కాఫీ పట్టుకుని వీధిలోకి వెళ్లిపోయాను. దానితో ఖాయమనుకుంది. నీకు బాప్టిజం తీసుకున్న పిల్లవాడైతేనే ఇస్తానంటోంది. వేలు లేకపోయినా ఫరవాలేదట, గుణం ముఖ్యమట.

నువ్వే ఒక ముక్క రాయి. ఏం రాస్తావో జాగ్రత్తగా రాయి.

పసిబిడ్డ కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను. వాళ్ల దిష్టితాడు వాళ్లు కట్టుకోనీ, అడ్డుచెప్పకు. మాసిన బియ్యం మాత్రం మాననివ్వకు. గేదెలు ఎలాగో బతుకుతాయి.

నాన్న


కోడూరు
20-11-1961

నాన్నగారికి, అమ్మకు వందనాలు.

అమ్మా, లక్ష్మయ్యగారికి నలుగురు ఆడపిల్లలు. పెద్దమ్మాయికి పెళ్లి కూడా కుదిరింది. నువ్వు ఇంక నిద్రపో.

నాన్నగారూ, ఈ ఉత్తరం నిలబడి చదవండి. మూడో గడిలో ముప్పయి ఒకటి వేశాను!

అబద్ధం కాదు. పాలకాయతిప్పలో ఇల్లిల్లూ తిరిగి బియ్యం కుండలో చెయ్యి పెట్టి చూశాను. ముప్పయి ఒక్క ఇళ్లలో మాసిన బియ్యమే. "ఏమ్మా, ఎలా మారారు?" అంటే అందరిదీ ఒకటే మాట, "తమరు చెప్పినట్టే సేవికమ్మా." మిల్లు దగ్గర తగువులు ఆగాయి కాబట్టి అక్కడ బియ్యం మళ్లీ తెల్లబడి ఉంటాయి; నేను లేనప్పుడు వీళ్లు దంచుకుంటున్నారనుకుంటాను. నాముందు దంచితే ఓడిపోయినట్టుంటుందని దాస్తున్నారు కాబోలు. చాలామందికి కాళ్ల తిమ్మిరి తగ్గింది. అచ్చమ్మ వాపు లేని పాదం చాపి మరీ చూపించింది.

మాటకు బలముంది నాన్నగారూ. మీరు నమ్మలేదు. పద్నాలుగు సభలు పట్టింది, అంతే.

జనవరి పద్దెనిమిదిన బందరులో జిల్లా సభ. పాలకాయతిప్పను ఎలా మార్చానో వేదిక మీద చెప్పమని ఆఫీసరుగారు అన్నారు. నేను ఉపన్యాసం రాసుకుంటున్నాను. మొదటి వాక్యం "చదువు చెబితే మారని మనిషి లేడు". బాగుందా?

పిల్లకు రెండు నెలలు నిండాయి. ఇంకొక్క నెల.

మీ గెలిచిన కూతురు,
రత్నం


గుడివాడ
3-1-1962

అమ్మాయి రత్నకుమారికి,

నూతన సంవత్సర దీవెనలు. నీ ఉత్తరానికి ఆరువారాలు జవాబు రాయలేదు. నాలుగుసార్లు మొదలుపెట్టి చింపాను. మొన్న కొత్త సంవత్సరం ఆరాధనలో అయ్యగారు అబద్ధసాక్ష్యం గురించి ప్రసంగించారు. నన్నే చూస్తూ చెప్పినట్టనిపించింది. ఆయనకేమీ తెలియదు. నువ్వు పదిమంది ముందు నిలబడి మాట్లాడేలోగా నీకు తెలియాలి.

లక్ష్మయ్య నా దగ్గర నాలుగేళ్లు పని నేర్చుకున్నాడు. ఆ వేలు పోయిన రోజున ఆసుపత్రికి మోసుకెళ్లింది నేనే. నా మాట కాదనడు. నీ చేతి బొబ్బల ఉత్తరం వచ్చిన వారానికి, నీ జవాబు కోసం ఆగకుండా, కోడూరు మిల్లు చిరునామాకే అతనికో కార్డు రాశాను. "బ్లేడు వెనక్కి జరుపు. ఒక పట్టు బియ్యమే ఇయ్యి. ఎవరడిగినా బెల్టు జారుతోందని చెప్పు. మా అమ్మాయికి తెలియనివ్వకు" అని. వాళ్లు దంచడం లేదు రత్నం. ఆ ముప్పయి ఒక్క కుండల్లోవీ మిల్లు బియ్యమే. మారింది వాళ్లు కాదు, బ్లేడు.

నీ గెలుపు తీసేసుకోవాలని కాదు. ఆ పసిబిడ్డ సంగతి చదివాక నీ సభలు పూర్తయ్యేదాకా ఆగలేకపోయాను. నన్ను తిట్టు. మీ అమ్మ ఇప్పటికే తిట్టింది, సంబంధం కాదని తెలిసి.

ఉపన్యాసంలో ఏం చెబుతావో నీ ఇష్టం. నేను తలెత్తలేను.

సత్యానందం


కోడూరు
22-1-1962

ప్రియమైన నాన్నగారికి వందనాలు.

మీ ఉత్తరం చదివి మొదట ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది. ఆ కోపంతోనే మిల్లుకు వెళ్లాను. లక్ష్మయ్యగారు నన్ను చూసి ఇంజను వెనక్కి వెళ్లబోతే, "గుడివాడనుంచి ఉత్తరం వచ్చింది, ఇంక దాక్కోకండి" అన్నాను. ఆయన హమ్మయ్య అని అక్కడే కూలబడ్డారు. ధాన్యం గంపతో అచ్చమ్మ కూడా ఉంది. అప్పుడు తెలిసింది, మీకూ నాకూ ఇద్దరికీ తెలియని సంగతి.

అక్టోబరు మొదట్లోనే శివరామయ్యగారు గేదెల కోసం బ్లేడు మళ్లీ బిగించమన్నారట. లక్ష్మయ్యగారు బిగించేశారు. మీకు రాయడానికి భయపడ్డారు. అంటే మీ కార్డు పనిచేసింది ఐదారు వారాలే నాన్నగారూ.

బియ్యం మళ్లీ తెల్లగా వచ్చాయి. ఆడవాళ్లు సంతోషించారు. కారణమేమిటని అడిగితే లక్ష్మయ్యగారు గేదెల పాలు తగ్గిన కథ చెప్పారు. అచ్చమ్మ గంప దించి ఆలోచించిందట. ఆవిడ మాటల్లోనే రాస్తున్నాను.

"తవుడులో బలముందని సేవికమ్మ మూడు నెలలు మొత్తుకుంటే, చదువుకున్నోళ్ల మాటలే అనుకున్నాం. తవుడు తగ్గి గేదె పాలు తగ్గినయ్యంటే, ఆ బలం ఎటు పోయింది? మా కుండల్లోకేగా! నా కాళ్లు తేలికపడింది అప్పుడే. మా కోడలికి పాలు పడింది అప్పుడే. మళ్లీ తెల్లబియ్యం తిన్న పది రోజులకు తిమ్మిరి పట్టింది. ఇంకెవరు చెప్పాల?"

ముప్పయి మంది గంపలతో శివరామయ్యగారి అరుగు మీద కూర్చున్నారట. బ్లేడు వెనక్కి జరిపించకపోతే ధాన్యం వేరే ఊరు మోసుకెళ్తామన్నారట. ఆయన గేదెల సంగతి ఎత్తితే అచ్చమ్మ, "తమ గేదె దూడ బతకాలని తమకున్నట్టే మా పిల్ల బతకాలని మాకుంది బాబూ" అందట. ఆయన లక్ష్మయ్యగారిని పిలిచి బ్లేడు వెనక్కి జరపమన్నారట.

"మరి నేను అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను. "నిజమే చెప్పాంగా, తమరు చెప్పినట్టేనని. దంచుతున్నామని మేమన్నామా?" అంది. అనలేదు. నేనే అనుకున్నాను.

బందరు సభలో ఉపన్యాసం చింపేసి ఇదంతా ఉన్నదున్నట్టు చెప్పాను. రోకలి, బ్లేడు, గేదెలు, మీ కార్డు, అన్నీ. జనం పడీపడీ నవ్వారు. ఆఫీసరుగారు మాత్రం కలం పట్టుకుని, "ఇంతకీ ఈ ముప్పయి ఒక్క కుటుంబాలూ ఏ కార్యక్రమం వల్ల మారినట్టు రాసుకోవాలి?" అన్నారు. నేను నోరు తెరిచేలోగా, అచ్చమ్మతో కలిసి నా వెంట వచ్చి వెనకవరసలో కూర్చున్న వెంకటరత్నమ్మ ఒళ్లో పిల్ల కేరుమంది. నాలుగు నెలలు దాటిన పిల్ల, రెండు చేతులూ నిండే పిల్ల. ఎవరో బయటికి తీసుకెళ్లమన్నారు. అచ్చమ్మ లేచి, "ఏడవనివ్వండి బాబూ, మా ఇంట్లో ఇంతకాలం ఏడ్చిన పిల్ల లేదు" అంది. ఆఫీసరుగారు కలం మూసేశారు.

పిల్లకు పేరు పెట్టారు. నా పేరు పెడతారని కొంచెం ఆశపడ్డాను. లక్ష్మయ్యగారు కూడా ఆశపడ్డారని తర్వాత తెలిసింది. వాళ్ల అమ్మవారి పేరు పెట్టుకున్నారు, బంగారమ్మ అని. నా ఒళ్లో మాత్రం పెట్టారు.

ఇంక అసలు పని. దివిసీమలోని హల్లరు డ్రైవర్లందరినీ ఫిబ్రవరి పదోతారీకున అవనిగడ్డలో కూర్చోబెట్టి బ్లేడు సంగతి చెప్పించాలని నిర్ణయించారు. చెప్పడానికి పనితెలిసిన మనిషి కావాలన్నారు. నేను మీ పేరిచ్చాను. మీరు రావాలి. అమ్మను కూడా తీసుకురండి.

ఒకటి మాత్రం ముందే చెబుతున్నాను. ఇరవైమంది వస్తారు, చక్కగా తలలూపుతారు, ఇళ్లకెళ్లి బ్లేడు మళ్లీ బిగిస్తారు. మీరు కంగారు పడకండి. రెండోసారి వెళ్లండి. మూడోసారీ వెళ్లండి. మీ మూడో గడిలో సున్నా ఎన్నాళ్లుంటుందో చూడాలని నాకు చాలా సరదాగా ఉంది.

మీ కుమార్తె,
రత్నకుమారి